నిత్య సంధి

పోయిన ఆదివారం భూపాలపల్లి వెళ్ళి వచ్చాను. అంతకు ముందురోజు మా అక్క ఫోను చేసి, "ఒకసారి వచ్చిపోరా తమ్ముడూ, తండ్రీ బిడ్డలు నాలుగు రోజుల నుంచి మొహాలు చూసుకోవడం లేదు. మధ్యలో నేను నలిగిపోతున్నాను" అన్నది. అక్క అలా పిలిచాక ఆగగల తమ్ముడెవరు? తెల్లవారకముందే జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, పరకాల మీదుగా అక్కడికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

సంగతి ఇది. మా మేనకోడలు రసాయనశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తి చేసింది. హైదరాబాదులో పరిశోధన చేసేందుకు ఆమెకు అవకాశం వచ్చింది. ఉపకార వేతనం కూడా వుంది. కాని అయిదేళ్ళు పట్టవచ్చు. మా బావగారు సింగరేణిలో బెల్టు ఫిట్టరు. ఇంకా రెండేళ్ళ సర్వీసే మిగిలింది. ఆ లోపల పిల్ల ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవాలని, సంబంధం చూసి పెళ్ళి చేయాలని ఆయన ఆరాటం. ఏ తండ్రికి వుండదు చెప్పండి?

కాళ్ళు కడుక్కొని మంచం మీద కూర్చున్నానో లేదో, బావగారు అందుకున్నారు.

"నువ్వు కాలేజీల సారువి గదా, నువ్వే చెప్పు. చదువు వద్దన్ననా? ఎం.ఎస్‌సి. దాకా చదివించిన. ఇప్పుడేమో ప్లాస్టిక్కు మీద పరిశోధన చేస్తదట! ఉన్న ప్లాస్టిక్కే మోరీలల్ల నిండిపాయె, బర్రెలు తిని చస్తున్నయి. కొత్తది ఇంకోటి కావాల్నా?"

మాట సబబుగానే వుంది. నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. ఇంటర్మీడియటులో రసాయనశాస్త్రం నన్ను దాటించిందో, నేనే దాన్ని దాటానో ఇప్పటికీ తేలలేదు. తీర్పు చెప్పడానికి ముందు రెండో పక్షం వాదన వినాలి కదా అని, "ఏమిటమ్మా నీ పరిశోధన? నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను.

మేనకోడలు లోపలికి వెళ్ళి వాళ్ళమ్మ రవికకు కుట్టగా మిగిలిన టిచ్ బటన్లు నాలుగు తెచ్చింది. ఒక జత తీసి వేళ్ళ మధ్య నొక్కింది. టిక్కుమన్నది.

"ఇదే మామయ్యా" అన్నది.

నాకేమీ బోధపడలేదు. బావగారు చుట్ట పారేసి కొంచెం ముందుకు జరిగారు.

ఆమె చెప్పిన దాన్ని నా మాటల్లో చెబుతాను. తప్పులుంటే అవి నావి. మనం ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను అంటున్నవన్నీ పాలిమర్లు. పూసలు గుచ్చినట్లు చిన్న చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి తగులుకొని పొడుగాటి గొలుసు అవుతాయి. పూస ఏదన్నది ఎంత ముఖ్యమో, పూసకూ పూసకూ మధ్య ముడి ఎలా పడిందన్నదీ అంతే ముఖ్యం. గొలుసుకూ గొలుసుకూ అడ్డంగా ముడులు పడితే వల అవుతుంది. అప్పుడు పదార్థం గట్టిపడుతుంది. కొత్త పదార్థం చేయాలంటే కావలసిన చోట, కావలసినన్ని ముడులు, తప్పకుండా పడాలి. ఇన్నాళ్ళూ రసాయనశాస్త్రజ్ఞులకు తలనొప్పి అంతా అక్కడే.

"తలనొప్పి ఎందుకు?" అన్నాను.

"నువ్వు మాకు చెప్పిన అత్వసంధి లాగా మామయ్యా!" అన్నది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నా దగ్గర వ్యాకరణం చెప్పించుకున్న పిల్ల! నాకు ప్రాణం లేచి వచ్చింది.

పాఠకులు బడి విడిచి చాలా కాలమై వుంటుంది కనుక ఒక్క మాట గుర్తు చేస్తాను. మన వ్యాకరణంలో ఉత్వసంధి నిత్యం. అంటే షరతు కుదిరితే జరిగి తీరుతుంది. మనము, అందరము అన్న రెండు మాటలు కలిస్తే మనమందరమే, మరో రూపం లేదు. అత్వసంధి అలా కాదు, అది బహుళం. మేన, అత్త కలిస్తే మేనత్త అవుతుంది. పుట్టిన, ఇల్లు కలిస్తే పుట్టినిల్లూ కావచ్చు, పుట్టినయిల్లూ కావచ్చు. అమ్మ, ఇచ్చెను అన్నచోట సంధే జరగదు, అమ్మయిచ్చెను అనాలి. ఒక, ఒక కలిస్తే ఎవరూ ఊహించని రీతిలో ఒకానొక అవుతుంది. ఒకచోట జరగడం, ఒకచోట జరగకపోవడం, ఒకచోట రెండు విధాలుగా కావడం, ఒకచోట వేరొకటి కావడం, ఈ నాలుగూ కలిపితే బహుళం. చిన్నయసూరి కాలం నుంచి ఈ ఒక్క మాట దగ్గర ఎందరు విద్యార్థులు బెంచీ ఎక్కారో లెక్కలేదు.

మామూలు రసాయన చర్యలు చాలా వరకు ఈ బహుళం జాతివి. పాత్రలో రెండు పదార్థాలు వేస్తే కొంత కలుస్తుంది, కొంత కలవదు, కొంత ఏదో మూడోది అవుతుంది. అందులోంచి కావలసినదాన్ని వేరు చేయడానికి మరి నాలుగు రోజులు. ముడి పడేటప్పుడు కొన్నిట్లో నీటి అణువు బయటికి పోతుంది. పాలియెస్టరు బట్ట నూలు అలా తయారయ్యేదే. ఆ నీటిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే పని ముందుకు సాగదు.

2001లో అమెరికాలో బారీ షార్ప్‌లెస్ అనే శాస్త్రజ్ఞుడు, హార్ట్‌మూట్ కోల్బ్, ఎం.జి. ఫిన్ అనే మరి ఇద్దరితో కలిసి ఒక పెద్ద వ్యాసం రాశాడు. వందల రకాల చర్యల వెంట పడడం మాని, నమ్మదగిన కొద్ది చర్యలనే ఎంచుకుందాం అన్నాడు. తేలికైన పరిస్థితుల్లో జరగాలి, దాదాపు పూర్తిగా జరగాలి, చెత్త మిగలకూడదు, మిగిలినా సులువుగా తీసివేసేదై వుండాలి, వీలైతే నీళ్ళలోనే కావాలి. టిచ్ బటన్ లాగా రెండు ముక్కలు ఎదురుపడగానే టిక్కుమని పట్టుకోవాలి. అందుకే దానికి క్లిక్ కెమిస్ట్రీ అని పేరు పెట్టాడు. నన్నడిగితే నిత్యసంధి రసాయనం అంటాను.

అలాంటి చర్యల్లో పేరెన్నిక గన్నది మరుసటి ఏడు, 2002లో, రెండు చోట్ల విడివిడిగా బయటపడింది. షార్ప్‌లెస్, వలేరీ ఫోకిన్ గార్లు కాలిఫోర్నియాలో కనిపెట్టారు. డెన్మార్కులో మోర్టెన్ మెల్డాల్ గారికి మాత్రం అది ఇంచుమించు తప్పుదారిలో దొరికింది. ఆయన ఆల్కైన్ అనే అణువును వేరొక దానితో కలపబోయారు. కలపబోయిన అణువు రెండో కొనన అజైడ్ అనే తోక వుంది. ఆల్కైన్ అనుకున్న కొసను వదిలి ఆ తోకను పట్టుకున్నది. పాత్రలో రాగి వుండడం వల్ల అలా జరిగింది. చూశారా, 'ఒకానొక' వంటి వింత లోంచి నిత్యసంధి పుట్టింది!

అజైడ్ అంటే వరుసగా మూడు నత్రజని పరమాణువులు. ఆల్కైన్ అంటే మూడు బంధాలతో బిగిసిన రెండు కర్బన పరమాణువులు. మూడూ రెండూ అయిదు. రెండూ కలిసి అయిదు పరమాణువుల ఉంగరం అవుతుంది. దాని పేరు ట్రయజోల్. ఈ కలయికను 1960ల్లో జర్మనీలో రోల్ఫ్ హ్యూయిస్గెన్ గారు లోతుగా పరిశోధించారు. కాని అప్పుడు బాగా వేడి చేయాలి, రెండు రకాల ఉంగరాలూ కలగలిసి వచ్చేవి. రాగి చేరగానే మామూలు వేడిలోనే, ఎన్నో రెట్లు వేగంగా, ఒకే రకం ఉంగరం వస్తుంది. పైగా ఒక్క పరమాణువూ వృథా కాదు. మా ఉత్వసంధిలో పాపం ఒక ఉకారమైనా పోతుంది. వీళ్ళ సంధిలో అదీ పోదు! ఈ విషయంలో వ్యాకరణం ఓడిపోయిందని ఒప్పుకున్నాను.

తరువాత కరోలిన్ బెర్టోజీ అనే ఆమె రాగి అవసరం లేకుండానే ఈ ముడి పడేలా 2004లో చేసి చూపించింది. జీవకణాలకు రాగి విషం కనుక, బతికి వున్న కణం మీద ఈ పని చేయాలంటే ఆ మార్గమే శరణ్యం. షార్ప్‌లెస్, మెల్డాల్, బెర్టోజీ ముగ్గురికీ కలిపి 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. షార్ప్‌లెస్ గారికి అది రెండోది, మొదటిది 2001లోనే అందుకున్నారు.

ఇంతసేపూ వింటున్న బావగారు, "అదంత బాగనే వున్నది గని, అతుకు గురించి మాకు చెప్తవా బిడ్డా? ముప్పయి ఏండ్లాయె బెల్టు అతుకుడే నా పని" అన్నారు. కోపంగా కాదు. ఆయన మీసం చాటున చిన్న నవ్వు కనిపించింది.

బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు తెగితే ఎలా కలుపుతారో ఆయన అప్పుడు మాకు వివరించారు. తొందరైతే ఇనుప క్లిప్పులతో క్లిప్పు జాయింటు. అది తాత్కాలికం. గట్టిగా నిలవాలంటే హాట్ జాయింటు. బెల్టు రెండు కొసలనూ పొరలు పొరలుగా మెట్లు కోసి, గరుకు చేసి, రబ్బరు ద్రావణం పూసి, పచ్చి రబ్బరు పరిచి, వేడి పలకల మధ్య పెట్టి 140, 150 డిగ్రీల వేడిలో నొక్కి వుంచుతారు. చెమ్మ తగిలినా, మట్టి పడినా, వేడి తగ్గినా అతుకు పట్టదు. "అతుకు సరిగ పడ్డదంటే మళ్ళ తెగినా ఇంకోచోట తెగుతది గని అక్కడ తెగదు" అన్నారు బావగారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఒక కళ వుంది.

"అది కూడా రసాయనమే బాపూ!" అన్నది మేనకోడలు. "నువ్వు ముప్పయి ఏండ్ల నుంచి పాలిమర్ కెమిస్ట్రీనే చేస్తున్నవ్. రబ్బరు గొలుసుల మధ్య గంధకం వంతెనలు వేస్తున్నవ్. 1839లో గుడ్‌ఇయర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది. కాని ఆ వంతెనలు ఒక్క తీరుగ వుండవు. ఒకచోట ఒక్క గంధకం, ఒకచోట నాలుగు. మామయ్య చెప్పే బహుళం అన్నట్టు. క్లిక్ పద్ధతిలో అయితే ఏ ముడి ఎక్కడ పడాలో ముందే గీసుకొని వేయవచ్చు."

బావగారు మాట్లాడలేదు. తన పనికి ఇంగ్లీషులో ఇంత పెద్ద పేరున్నదని ఆయనకు ఎవరూ చెప్పి వుండరు.

ఈ ముడితో ఏం చేస్తున్నారని నేను అడిగాను. 2004లోనే ఫిన్, షార్ప్‌లెస్, ఫోకిన్ గార్ల బృందం దీనితో జిగురు చేసింది. అజైడ్‌లు వున్న అణువులనూ, ఆల్కైన్‌లు వున్న అణువులనూ కలిపి రెండు రాగి రేకుల మధ్య పూస్తే, ఆ రేకుల నుంచే కొంచెం రాగి దిగి ముడులు వేయించి జిగురును బిగిస్తుంది. అతికించవలసిన లోహమే అతుక్కోవడానికి సాయపడుతుందన్న మాట! నాకు వెంటనే మా జనగామ పక్కనున్న పెంబర్తి గుర్తుకొచ్చింది. అక్కడి పనివారు ఇత్తడి రేకును లక్క మీద బిగించి వెనుకనుంచి ఉలితో కొట్టి దేవతామూర్తులను పైకి లేపుతారు. లక్క కూడా ఒక పాలిమరే, చెట్టు కొమ్మ మీద చిన్న పురుగు చేసి ఇచ్చేది. మన ఊళ్ళో పాలిమరూ, రాగీ చాలా కాలంగా కలిసి బతుకుతున్నాయి!

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే వ్యవహారమని అనుకోకండి. హైదరాబాదు తార్నాకలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ వుంది. 1944లో నిజాం కాలంలో వేరొక పేరుతో మొదలైన పరిశోధనాలయం అది. అక్కడ ఎం. లక్ష్మీకాంతం గారు, వారి సహచరులు రాగిని అతి సూక్ష్మమైన రేణువులుగా అల్యూమినా మీద నిలిపి, ఈ చర్య జరిపించే పద్ధతిని 2006లో ప్రచురించారు. రాగి గట్టి పొడి మీద వుంటే పని అయ్యాక వడగట్టి తీసుకోవచ్చు. ఆ సంస్థకు డైరెక్టరైన మొదటి మహిళ కూడా ఆమే. అదే సంస్థలో కె.వి.ఎస్.ఎన్. రాజు, రామానుజ్ నారాయణ్ గార్లు శిష్యులతో కలిసి ట్రయజోల్ ఉంగరాలు నిండిన ముడిసరుకును క్లిక్ పద్ధతిలో చేసి, దానితో కొమ్మలు కొమ్మలుగా అల్లుకునే పాలియురెథేన్ తయారుచేసే పరిశోధనను 2013లో ప్రచురించారు. ఇలాంటి పదార్థాలను లోహాలకు పూతలుగా వేస్తారు. ట్రయజోల్‌కు లోహాన్ని పట్టుకొని తుప్పును అడ్డుకునే గుణం వుంది. అతుకు కోసం వేసిన ముడి కాపలా కూడా కాస్తుందన్న మాట.

అన్నీ మంచి గుణాలేనా అంటే కాదు. నత్రజని ఎక్కువగా వున్న చిన్న అజైడ్‌లు పేలిపోతాయి. వాటి తయారీలో వాడే సోడియం అజైడ్ ఘోరమైన విషం. తయారైన పదార్థంలో రాగి మిగిలిపోతే దాన్ని తీయడం ఒక పని. మేనకోడలు ఇవేవీ దాచలేదు. అది నాకు నచ్చింది.

అప్పుడు బావగారు అసలు ప్రశ్న వేశారు. "సరే. విడువకుండ పట్టుకుంటది. మరి అదే కదా కష్టం! పాత బెల్టు చూసినవా? ముక్కలు చేసి పడేస్తరు. కరగదు, మురగదు. కాలిస్తే నల్ల పొగ. మీరు చేసే కొత్తది కూడ గంతేనా?"

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజానికి మొదటినుంచీ ఆయన బాధ అదే. పెళ్ళి, ఉద్యోగం తరువాతి సంగతులు.

మేనకోడలు తలెత్తింది. "నేను చేద్దామనుకున్న పనే అది బాపూ. నువ్వు నన్ను చెప్పనియ్యలేదు."

క్లిక్ కుటుంబంలోనే మరో రకం ముడి వుందట. ఫ్యూరాన్, మేలిమైడ్ అనే రెండు కొసలు మామూలు వేడిలో పట్టుకుంటాయి, వేడి పెంచితే వదులుతాయి, చల్లారితే మళ్ళీ పట్టుకుంటాయి. 2002లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ వూడుల్ గారి బృందం ఇలాంటి ముడులతో గట్టి పారదర్శక పదార్థం చేసింది. దానికి పగులు పడితే 120 డిగ్రీలు దాటించి వేడిచేసి, చల్లార్చారు. కొన్ని ముడులు విడి, మళ్ళీ పడి, పగులు అతుక్కుపోయింది. వేరే జిగురేమీ పూయలేదు. అలాంటి ముడులతో చేసిన వస్తువును పని తీరాక విడదీసి మళ్ళీ పోత పోసుకోవచ్చునన్న ఆశతో ఇప్పుడు ఎన్నో చోట్ల పరిశోధనలు సాగుతున్నాయి.

"ఇంకో మాట మామయ్యా. ఆ ఫ్యూరాన్ ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? గింజలు ఒలిచాక మిగిలిన మక్కజొన్న బెండ్ల నుంచి!"

నేను నవ్వాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు మహబూబాబాద్‌లో వున్నాను. అక్కడ మక్కలు ఒలిచాక ఇళ్ళ వెనుక బెండ్లు కుప్పలుగా పడి వుండేవి. మేము అద్దెకున్న ఇంటి అవ్వ వాటిని పొయ్యిలో పెట్టేది. ఆ బెండ్లను ఆమ్లంతో ఉడికిస్తే ఫర్‌ఫ్యూరాల్ అనే ద్రవం వస్తుంది, దాని నుంచి ఫ్యూరాన్ జాతి అణువులు చేస్తారు. 1922లోనే అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ ఓట్స్ పొట్టు నుంచి దీన్ని వ్యాపారానికి తయారుచేసింది. మనకు పొయ్యిలోకి పనికివచ్చే బెండు, ఇంకొకరి చేతిలో కొత్త పదార్థానికి ముడిసరుకు.

బావగారు గడ్డం గోక్కున్నారు. "120 డిగ్రీలకు విడిపోతదంటున్నవు. మా దగ్గర ఒక్క రోలరు జామైతే చాలు, బెల్టు దానిమీద రాపిడికి కాలిపోయేంత వేడెక్కుతది. నడిమిట్ల అతుకు వదిలిందనుకో, ఎవని ప్రాణం మీదికి వస్తది?"

"అందుకే అది బెల్టుకు పనికిరాదు బాపూ ఇప్పుడు. ఎంత వేడికి విడిపోవాలె, ఎంత బరువుకు ఆగాలె, అవన్నీ తేల్చాలె. అదే పరిశోధన. నీ అసొంటి మనిషి అడిగితేనే మాకు తెలుస్తది."

నేను తీర్పు చెప్పవలసిన అవసరం రాలేదు. తండ్రీ బిడ్డలు బెల్టు పొరలు, గుడ్డ దారాలు, వేడి లెక్కలు మాట్లాడుకుంటూ కూర్చున్నారు. అక్క అన్నానికి రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు. నాలుగు రోజుల మౌనం ఎటు పోయిందో!

పెళ్ళి మాట, ఉద్యోగం మాట తేలిపోయాయని నేను చెప్పను. అయిదేళ్ళంటే తక్కువ కాలం కాదు. రిటైరయ్యే తండ్రి గుండెలో భయం ఒక్క పూటలో పోదు. కాని సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి వచ్చిన బావగారు, "హైదరాబాదుల హాస్టలుకు పరుపు వాళ్ళే ఇస్తరా, మనమే కొనాల్నా?" అని అడిగారు. నాకు అది చాలు.

బస్సులో కూర్చున్నాక ఒక సంగతి తోచింది. ఇరవై ఏళ్ళుగా ప్రశ్నపత్రాలు దిద్దుతున్నాను. సంధుల విషయంలో మేము రెండు ప్రశ్నలు ఇస్తాం. ఒకటి కలిపి రాయండి, రెండోది విడదీసి రాయండి. రెండూ రాసినవాడికే పూర్తి మార్కులు. ప్లాస్టిక్కు విషయంలో మన లోకం ఇన్నేళ్ళూ మొదటి ప్రశ్నకే జవాబు రాసి లేచిపోయింది. బాగా కలిపి రాసింది, సందేహం లేదు. రెండో ప్రశ్న అలాగే మిగిలింది.

మా మేనకోడలు ఆ రెండో ప్రశ్న దగ్గర కూర్చుంటానంటున్నది. మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఎవరైనా వుంటే, కాదనేముందు ఒక్క పూట కూర్చోబెట్టి చెప్పనివ్వండి. ఏమంటారు?